పరీక్షనాళికలో నీలిమ: యల్లాప్రగడ సుబ్బారావు

నేడు మన పట్టణములలో రక్తపరీక్షాశాల లేని వీథి అరుదు. తెల్లవారుచుండగనే పరగడుపున వచ్చి బల్లమీద వరుసగా కూర్చుండు వృద్ధులు, ఒకచేత చీటియు వేరొకచేత మూత్రపు సీసాయు పట్టుకొని తమ పిలుపుకై ఎదురుచూచు ఉద్యోగులు, సూదిని చూచి ముఖము త్రిప్పుకొను బాలురు అందు నిత్యము కానవత్తురు. సాయంకాలమునకు ఒక కాగితము చేతికి వచ్చును. దానిలో ఎడమప్రక్క పదార్థముల పేర్లు, నడుమ అంకెలు, కుడిప్రక్క ఆరోగ్యవంతులకు ఉండదగిన పరిమితులు. పరిమితి దాటిన అంకెను యంత్రము నల్లగా, దిట్టముగా అచ్చువేయును. చదువుకొన్నవారును ఆ నల్లని అంకెను చూచి తల్లడిల్లుదురే గాని, అది యెట్లు పుట్టినది, దేనిని దేనితో పోల్చి ఆ లెక్క కట్టిరి అని ఆలోచించువారు తక్కువ.

ఆ కాగితములో భాస్వరము అను వరుస యొకటి తరచుగా నుండును. రక్తమునందును మూత్రమునందును భాస్వరమును కొలుచుటకు దశాబ్దములపాటు ప్రపంచమంతట వాడుకలో నున్న పద్ధతికి ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అని పేరు. అందు మొదటివాడు అమెరికా దేశస్థుడైన సైరస్ ఫిస్కె. రెండవవాడు భీమవరమున పుట్టి, రాజమహేంద్రవరమున చదివి, మదరాసులో వైద్యము నేర్చిన తెలుగువాడు. ఆ పద్ధతి పేరును పరీక్షలకై బట్టీపట్టిన విద్యార్థులలోనే అది మనవాని పేరని యెరుగనివారు కలరు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. సంసారము పెద్దది, కలిమి లేదు. బాల్యమున ఆయనకు చదువుమీద ధ్యాస మెండుగా నుండెనని చెప్పుటకు వీలులేదు. పదమూడేండ్ల వయసున బంధువుల పిల్లవానితో కూడి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పరుగెత్తెను. ఇంటివారు వెదకి వెనుకకు తెచ్చి మరల బడిలో వేసిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పెను. తండ్రి గతించిన పిదప తల్లి తన నగలమ్మి కుమారుని మదరాసు పంపగా, అచ్చటి హిందూ ఉన్నత పాఠశాలనుండి మూడవమారు నెగ్గెను. పరీక్ష తప్పిన పిల్లవానిని గూర్చి తొందరపడి తీర్పు చెప్పు అలవాటు మన బడులలో ఇంకను పోలేదు గనుక ఈ సంగతిని ఇచ్చట కొంచెము విస్తరించి చెప్పుట తప్పుకాదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు చదువుచుండగా ఆయన మనస్సు రామకృష్ణ మఠమువైపు తిరిగెను. సన్న్యసింపదలచెను, తల్లి యొప్పుకొనలేదు. మఠమువారే వైద్యము నేర్చి ప్రజలకు సేవ చేయుమని సలహా చెప్పిరందురు. అట్లు మదరాసు వైద్యకళాశాలలో చేరెను. చదువు ఖర్చులకు మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తియు తోడ్పడిరి. ఆ మామగారి కుమార్తె శేషగిరితో 1919లో వివాహమాయెను.

ఆ దినములు స్వదేశీ వ్రతపు దినములు. గాంధీ మహాత్ముని పిలుపు నందుకొని సుబ్బారావు శస్త్రచికిత్సాశాలలోనికి ఖద్దరు అంగరఖాతో పోయెను. ఆచార్యునకు అది కంటగింపాయెను. వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను చివరకు ఆయనకు దక్కినది ఎం.బి.బి.ఎస్. పట్టము గాదు; దానికంటె తక్కువదిగా నెంచబడిన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము. మదరాసు వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతి నడపుచుండిన ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించుటకు కుదిరెను.

ఇంతలో ఇంట పిడుగుపడెను. స్ప్రూ అను వ్యాధి అన్న పురుషోత్తమును, తమ్ముడు కృష్ణమూర్తిని కొద్దిదినముల యెడముతో కబళించెను. ఇది ఉష్ణదేశముల వ్యాధి. ప్రేవులు ఆహారసారమును పీల్చుకొనలేవు. ఎడతెగని విరేచనములు, నాలుక పూత, శరీరము ఎండిపోవుట, ముఖము పాలిపోవుట దీని లక్షణములు. సుబ్బారావు తానును ఆ వ్యాధి బారినపడి లక్ష్మీపతిగారి చికిత్సతో బ్రతికి బయటపడెను. వైద్యుడై యుండియు తోడబుట్టినవారిని రక్షించుకొనలేకపోయిన వేదన ఆయనను విడువలేదు. ఈ జబ్బుకు మూలమేమి, రోగి రక్తము ఎందుకు పలుచబడును అను ప్రశ్నకు ఆనాడు మదరాసులో సమాధానము చెప్పగలవారు లేరు. సమాధానము వెదకుటకు అమెరికా పోవలెనని నిశ్చయించుకొనెను.

మామగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మనిధి సాయముతోను ఓడయెక్కి 1922 అక్టోబరు 26వ తేదీన బాస్టను నగరము చేరెను. భార్య ఇంటనే యుండెను. కొలదికాలములో మరలివత్తునని ఆమెకు మాటయిచ్చి పోయెను. తరువాత పుట్టిన కుమారుడు ఏడాదియైన నిండకయే మరణించెను; తండ్రి ఆ బిడ్డ ముఖము చూచియెరుగడు. ఇచ్చిన మాటయును చెల్లలేదు. ఆయన స్వదేశమునకు మరల రానేలేదు. సుబ్బారావు జీవితమును పొగడువారు ఈ భాగమును త్వరగా దాటిపోవుదురు. కాని ఆ యింటివారు చెల్లించిన మూల్యము లెక్కలోనికి రాకపోరాదు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యశాఖలో డిప్లొమా చదువుచు, పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసెను. రోగుల మలమూత్ర పాత్రలను కడుగుట ఆ పనిలో ముఖ్యభాగము. సదాచారపు బ్రాహ్మణ కుటుంబమున పుట్టి సన్న్యాసి కాదలచినవానికి విధి అట్టి సేవను చూపెను. రాత్రి తాను కడిగి పారబోసిన మూత్రమే కొలదికాలమునకు పగటిపూట పరీక్షనాళికలో ఆయనకు పరిశోధనవస్తు వాయెను.

డిప్లొమా ముగిసిన పిమ్మట జీవరసాయనశాఖలో చేరెను. ఆ శాఖకు అధిపతి ఆటో ఫోలిన్. రక్తపు బొట్టును రసాయనముతో ప్రశ్నించి సంఖ్య రూపమున సమాధానము రాబట్టు విద్యకు బాటవేసిన పెద్దలలో ఆయన ఒకడు. అంతకుముందు వైద్యులు ఒక పదార్థమును కొలువవలెనన్న అధికముగ రక్తము తీయవలసియుండెను. చిన్న బిడ్డల విషయమున అది సాధ్యమే కాదు. ఫోలిన్ ద్రవములకు రంగు కలుగజేసి, ఆ రంగు గాఢతను బట్టి పదార్థపు పరిమాణమును లెక్కించెను. ఇట్లు కొద్ది రక్తముతోనే చక్కెరను, మూత్రములోని క్రియాటినినును కొలుచు రీతులు వాడుకలోనికి వచ్చెను. ఆ శాఖలో ఫిస్కె అధ్యాపకుడు. ఆయన సుబ్బారావునకు అప్పగించిన పని భాస్వరమును కొలుచు మంచి పద్ధతిని కనుగొనుట.

భాస్వరము ఎముకకు బలము. అప్పటి అమెరికా నగరములలో పసివారికి రికెట్సు వ్యాధి మెండు. కాళ్లు వంగిపోవును, రొమ్మెముకలు ముడులువారును. అట్టివారి రక్తములో భాస్వరము తగ్గును. మూత్రపిండములు చెడినవారిలో, బయటికి పోవలసిన భాస్వరము రక్తమున నిలిచి పెరుగును. కనుక దానిని కొలుచుట వైద్యులకు అవసరము. అప్పటికే రెండుమూడు రీతులు కలవు గాని వానిలో రంగు నిలుకడగా నుండెడిది కాదు, లేదా వచ్చుటకు చాల సేపు పట్టెడిది. ఇతర లవణములు అడ్డుపడెడివి.

సుబ్బారావు, ఫిస్కె సాధించిన పద్ధతి ఇట్టిది. మొదట రక్తములో ట్రైక్లోరోఎసెటిక్ ఆమ్లము కలుపుదురు. పాలలో నిమ్మరసము పిండిన యట్లు మాంసకృత్తులు విరిగి ముద్దగట్టును. వడగట్టగా తేటయైన నీరు దిగును. మూత్రమునకు ఈ శ్రమ చాలవరకు అక్కరలేదు. ఆ తేటలో ఆమ్లముతో కూడిన అమ్మోనియము మాలిబ్డేటును పోసినచో, అది భాస్వరముతో కలిసి ఒక సంయోగపదార్థ మగును. దానికి అమినోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లము అను వేరొక రసాయనమును కొద్దిగా చేర్చినంతనే కొద్ది నిమిషములలో అందమైన నీలిమ పుట్టును. భాస్వరము హెచ్చుగానున్న నీలిమ చిక్కన, తక్కువగానున్న పలుచన. ఎన్నో రసాయనములను పరీక్షించి, ఎన్నింటినో త్రోసివైచి, ఈ చివరి రసాయనమును ఏరుకొనుటలోనే వారి నేర్పు కలదు.

ఇక ఆ రంగును కొలుచుట. ఆ కాలపు వర్ణమాపకములో రెండు గాజుగిన్నెలు ప్రక్కప్రక్కన నుండును. ఒకదానిలో రోగి రక్తమునుండి వచ్చిన నీలిద్రవము. రెండవదానిలో భాస్వరము ఎంత కలదో ముందుగ తూచి తయారుచేసిన ప్రమాణద్రవము. పైనుండి ఒక కంటితో చూచినచో వృత్తములో సగము ఒకదాని రంగు, సగము మరియొకదాని రంగు కనబడును. గిన్నెలను పైకి క్రిందికి జరుపుచు రెండు సగములు ఒకే నీలిగా కలిసిపోవు చోట ఆపి, ద్రవముల లోతులను చదువుదురు. పలుచని ద్రవము ఎక్కువ లోతులో, చిక్కని ద్రవము తక్కువ లోతులో ఒకే రంగును చూపును గదా! ఆ నిష్పత్తినుండి అంకె పుట్టును. నేటి కాగితముమీది ప్రతి అంకెకును మూలసూత్ర మిదియే: తెలియనిదానిని తెలిసినదాని ప్రక్కన నిలిపి పోల్చుట. ప్రమాణద్రవము చెడినచో ఎంత గొప్ప యంత్రమైనను తప్పే చెప్పును.

1925లో ఈ పద్ధతిని వర్ణించుచు అమెరికా జీవరసాయన పత్రికలో 26 పుటల వ్యాసము వెలువడెను. తరువాతి కాలమున వేలకొలది పరిశోధనవ్యాసములు దానిని పేర్కొన్నవి. పెద్దవారి రక్తపు సీరములో, 100 మిల్లీలీటర్లకు, భాస్వరము సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాముల వరకు నుండును. ఎముక పెరుగు పిల్లలలో ఇంతకంటె హెచ్చుగ నుండుట సహజము. కనుక పిల్లవాని అంకెను పెద్దవారి పరిమితితో పోల్చి భయపడరాదు. ఎర్ర రక్తకణములలో భాస్వరము హెచ్చు గనుక, తీసిన రక్తమును సకాలమున వేరుపరుపక నిలువయుంచినను, కణములు పగిలినను అంకె అబద్ధముగ పెరుగును. పరిమితి యనునదియును శిలాశాసనము గాదు. ఆరోగ్యవంతులైన అనేకుల రక్తము కొలిచి, నూటికి 95 మంది అంకెలు ఇమిడిన మేరను పరిమితియందురు. అనగా ఏ జబ్బును లేకయే నూటికి ఐదుగురు ఆ గీతకు అటునిటు నుందురు.

తమ పద్ధతిలోనే కనబడిన ఒక లోపమును వెంబడించి సుబ్బారావు, ఫిస్కె రెండవ మెట్టెక్కిరి. రక్తముతోను మూత్రముతోను వెంటనే వచ్చు నీలిమ, కండరమునుండి తీసిన తేటతో వచ్చుట లేదు. మొదట లేతగా తోచి, నిమిషములు గడచుకొలది చిక్కబడుచుండెను. ఇతరులైనచో కండరమునకు ఈ పద్ధతి పనికిరాదని వ్రాసి ఊరకుందురు. వీరు మాత్రము ఆ ఆలస్యము ఎందుకని ప్రశ్నించిరి. కండరములో భాస్వరము ఏదో పదార్థముతో కూడి దాగియున్నదనియు, ఆమ్లము తగిలినపుడు అది మెల్లగా విరిగి భాస్వరమును విడుచుచున్నదనియు తేలెను. ఆ పదార్థము ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దీనిని ప్రకటించిరి. ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులును అదే కాలమున అదే పదార్థమును గుర్తించిరి. కండరము ముడుచుకొనుటకు తక్షణశక్తి దీనినుండి దొరకునని తెలియుటతో, లాక్టిక్ ఆమ్లమే శక్తికి మూలమని అప్పటివరకు నున్న సిద్ధాంతము సడలెను. 1929లో వారు మరియొక శక్తిపదార్థమును వేరుచేసిరి. అదియే నేడు ఉన్నతపాఠశాల విద్యార్థులుసైత మెరిగిన ఎ.టి.పి. జర్మనీలో లోమన్ అదే యేట దానిని కనుగొనెను.

ఫాస్ఫోక్రియాటినునకు నేటి ఆరోగ్యపరీక్షతో గల బంధుత్వము చిత్రమైనది. కండరములలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటినులలో నూటికి ఒకటి రెండు వంతులు ప్రతిదినము తమంతట తాము మారి క్రియాటినిన్ అను వ్యర్థపదార్థ మగును. అది రక్తములో చేరి మూత్రపిండముల ద్వారా బయటికి పోవును. ఒక మనిషి మూత్రములో దినమునకు పోవు క్రియాటినిను భోజనము మారినను ఇంచుమించు మారదని ఫోలిన్ 1905 నాటికే గమనించెను. ఆ నిలుకడకు ఆధారము కండరములోని ఆ నిలువయే. మూత్రపిండములు మందగించినచో అది రక్తమున నిలిచిపోవును. అందుచేతనే ఏ ఊరి పరీక్షాశాలలోనైనను మూత్రపిండముల స్థితి తెలియుటకు ముందుగా చూచునది క్రియాటినిను. సాధారణముగా పెద్దవారిలో అది 0.6 నుండి 1.2 మిల్లీగ్రాముల వరకు నుండును. కండపుష్టి గల యువకునికి కొంచెము హెచ్చు, బక్కపలుచని వృద్ధురాలికి కొంచెము తక్కువ. ఒకే 1.2 అను అంకె మల్లునికి ఆరోగ్యమును, ముసలమ్మకు అపాయమును సూచింపవచ్చును. అంకెను మాత్రమే చదివి మనిషిని చూడనిచో పరీక్ష పరీక్ష కాదు.

1930లో హార్వర్డు ఆయనకు డాక్టరు పట్టము నిచ్చెను. స్థిరమైన ఆచార్యపదవి మాత్రమీయలేదు. కనుగొన్న విషయముల ఖ్యాతిలోను ఆయనకు న్యాయమైన పాలు దక్కలేదను మాట కలదు. ఆనాడు అచ్చటనే విద్యార్థిగానుండి 1988లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్సు ఈ సంగతిని దాచలేదు: సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థములు ఫిస్కె కారణమున వెలుగు చూడక, అనేక సంవత్సరముల పిదప ఇతరులు మరల కనుగొనవలసివచ్చెనని ఆయన చెప్పెను. సుబ్బారావు మాత్రము ఫిస్కెపై ఫిర్యాదు చేసినట్లు కానరాదు. అది ఔదార్యమో, పరాయిదేశమున నిలువ నీడకై ఓర్చుకొనుటయో నిర్ణయించుట కష్టము. భారతీయులు అమెరికా పౌరులగుటకు అర్హులు కారని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము 1923లో తీర్పు చెప్పెను. 1946లో చట్టము మారువరకు ఆ ద్వారము మూసియేయుండెను. తలుపు తెరచిన పిదపయును ఆయన పౌరుడు కాకయే మరణించెను.

1940లో హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రములో పెర్ల్ రివర్ అను చోటగల లెడర్లీ పరిశోధనశాలకు పోయెను. రెండేండ్లకు అచ్చటి పరిశోధనలకన్నిటికి అధ్యక్షు డాయెను. తోడబుట్టినవారిని మ్రింగిన వ్యాధిని గూర్చి పాత ప్రశ్నను ఆయన అచ్చట మరల చేపట్టెను.

స్ప్రూ రోగి రక్తమును గాజుపలకపై పులిమి సూక్ష్మదర్శినిలో చూచినచో, ఎర్రకణముల సంఖ్య తగ్గియుండును గాని ఒక్కొక్క కణము మామూలుకంటె పెద్దదిగా నుండును. ఇనుము చాలని రక్తహీనతలో కణము చిన్నదగును, ఇందు పెద్దదగును. నేటి కాగితములో ఎం.సి.వి. అను వరుస చెప్పునది ఈ కణపు పరిమాణమే. అది 80కిని 100కిని నడుమనుండుట సాధారణము. 80కి తగ్గిన ఇనుపలోపమును, 100 దాటిన ఫోలిక్ ఆమ్లముయొక్కయో బి12యొక్కయో లోపమును వైద్యుడు ముందుగ అనుమానించును. హీమోగ్లోబిను తగ్గినదని వినినంతనే ఇనుపమాత్రలు కొని మ్రింగువారు ఈ వరుసను కూడ చూడవలెను. అటువంటి పెద్దకణముల రక్తహీనతను బొంబాయిలో గర్భిణీస్త్రీలయందు చూచి, ఈస్టు సారముతో నయముచేసి 1931లో ప్రకటించినది లూసీ విల్సు అను ఆంగ్లవైద్యురాలు. ఈస్టులోను, కాలేయములోను, ఆకుకూరలలోను దాగిన ఆ వస్తువుకే 1941లో ఫోలిక్ ఆమ్లమని పేరు వచ్చెను. పేరు వచ్చినను వస్తువు చాలినంతగా చేతికి రాలేదు. ఆకులనుండి తీసినచో దొరకునది లేశమాత్రము.

సుబ్బారావు నడపిన బృందము దాని నిర్మాణమును తేల్చి, పరిశోధనశాలలోనే దానిని తయారుచేసి, 1945లో లోకమునకు ప్రకటించెను. అదే సంవత్సరము దానిని స్ప్రూ రోగులకిచ్చి చూచిరి. కొద్దిదినములకే మజ్జనుండి క్రొత్త కణములు రక్తములోనికి పొంగివచ్చెను. రోగికి ఆకలి పుట్టెను. మదరాసులో పుట్టిన ప్రశ్నకు ఇరువదియేండ్లు దాటిన పిదప సమాధానము దొరకెను. అన్నదమ్ములకు అది అందలేదు.

గోదావరి మండలములవారికి బోదకాలు క్రొత్తది గాదు. దోమకాటుతో వచ్చు ఆ వ్యాధిలో సన్నని పురుగుల పిల్లలు రక్తములో తిరుగుచుండును. కాని పగలు లోపలి అవయవములలో దాగి, రాత్రివేళనే చర్మము దగ్గరి రక్తములోనికి వచ్చును. అందుచేత ఆరోగ్యశాఖవారు రాత్రి పదిగంటలు దాటినతరువాత ఇంటింటికి పోయి వ్రేలినుండి రక్తపు చుక్కను తీసికొందురు. నిద్రలేపినందులకు కసరుకొనువారికి ఈ కారణము తెలియదు. 1947లో లెడర్లీ పరిశోధనశాలనుండి డైఇథైల్ కార్బమజిన్ అను మందు వెలువడెను. హెట్రజాన్ అని దాని వ్యాపారనామము. ఆ మందు రక్తములోని పురుగుల పిల్లలను రూపుమాపును. అంతేగాక, పగటివేళ దానిని కొద్దిగా ఇచ్చినచో దాగిన పురుగులు బయటికి వచ్చును గనుక పగలే రక్తపరీక్ష చేయుటకును అది సాధన మాయెను. బోదవ్యాధి గల జిల్లాలలో 2004నుండి ప్రభుత్వము సామూహికముగ పంచిన మాత్ర యిదియే. ఆ మాత్రను మ్రింగిన భీమవరమువాసులలో ఎందరు దాని పుట్టుక నెరుగుదురో!

ఫోలిక్ ఆమ్లము కణములను పెంచునది గదా. బాస్టనులో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బరు, రక్తపు క్యాన్సరు గల బిడ్డలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన మందు నీయగా రోగము శాంతించుటకు మారుగా వేగము హెచ్చినట్లు తోచెను. అట్లైనచో దానికి విరుద్ధమైన పదార్థము రోగమును అణచవలెను. అట్టివి సుబ్బారావు శాలలోనే తయారైనవి. అందొకటియైన అమినోప్టెరినును ఫార్బరు బిడ్డలకు వాడి, 1948 జూనులో ఫలితములను ప్రకటించెను. చావునకు చేరువైన 16 మందిలో 10 మందికి గుణము కనబడెను. లక్షలకు పెరిగిన తెల్లకణములు దిగివచ్చెను. బిడ్డలు లేచి ఆడుకొనిరి. ఆ గుణము కొన్నినెలలకే తీరిపోయినది నిజము. కాని రక్తపు క్యాన్సరు మందునకు లొంగునను సంగతి అంతకుముందు వైద్యలోకము నమ్మినది గాదు. ఆరియోమైసిన్ అను జీవనాశకౌషధమును బెంజమిన్ డగ్గరు కనుగొన్నదియు సుబ్బారావు అధ్యక్షతలోని ఆ శాలలోనే. అదియు 1948లోనే ప్రకటితమైనది.

ఆ యేడు ఆగస్టులో ఒక ఉదయమున సుబ్బారావు తన గదిలో మరణించి కనబడెను. నిద్రలోనే గుండె ఆగినది. వయస్సు 53 సంవత్సరములు. ప్రపంచమున ఇంచుమించు ప్రతి ఆసుపత్రికిని చేరిన మందుల వెనుక నున్నవాని పేరు, అవి మ్రింగినవారిలో నూటికి ఒక్కనికైనను తెలియదు. ఆయన సభలకు పోయినవాడు గాడు, ఛాయాచిత్రములకు నిలిచినవాడు గాడు. తన శాలలో ఫలితము తేలినపుడు వ్యాసముపై సహచరుల పేర్లుంచి తాను తప్పుకొనెడివాడు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారతప్రభుత్వము ఆయన బొమ్మతో తపాలబిళ్ల వెలువరించెను. ఆయన పనిచేసిన సంస్థవారు ఒక శిలీంధ్రమునకు ఆయన పేరుమీదుగా సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసిరి.

భాస్వరమును నేటి యంత్రములు పెక్కు చోట్ల నీలిమవరకు రానీయక, మాలిబ్డేటు సంయోగము కాగానే కంటికి కానరాని అతినీలకాంతిలో చదివివేయుచున్నవి. కాని నీలిమను పుట్టించు పాతరీతి జీవరసాయన ప్రయోగశాలలను ఇంకను విడువలేదు. విద్యార్థి తన చేతులతో రసాయనములను కలిపి రంగు వచ్చుట చూచును.

అమినోప్టెరినునకు తమ్ముని వంటిది మెథోట్రెక్సేటు. అదియును ఆ శాలలో పుట్టినదే. నేడు కీళ్లవాత రోగులు దానిని వారమున కొక్కదినము మాత్రమే తీసికొందురు. దాని తీక్షణతను తగ్గించుటకు వైద్యులు వేరొక దినమున ఫోలిక్ ఆమ్లపు మాత్ర నిత్తురు. కొన్ని వారములకొకమారు వారిని పరీక్షాశాలకు పంపి రక్తకణముల లెక్కను, కాలేయపు స్థితిని, క్రియాటినినును చూతురు. ఆ సాయంకాలము వచ్చు కాగితములో సుబ్బారావు పేరెక్కడను అచ్చుపడియుండదు.